ఫ్రీస్టైల్ సింగిల్స్: ఏ కాపీ కొనాలి, ఏ మిక్సు దాచాలి, ఎలా పంచుకోవాలి

లాటిన్ ఫ్రీస్టైల్ అనే అమెరికన్ నాట్య సంగీతపు రికార్డుల సేకరణలో కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు పాట పేరు చూసి కొనేయడం. ఒక్క పేరు మీదే ఏడు నిమిషాల వోకల్ మిక్సు, రేడియో కోసం కుదించిన నాలుగు నిమిషాల రేడియో ఎడిట్, గొంతును ముక్కలుగా మాత్రమే వదిలిన డబ్, గొంతే లేని ఇన్‌స్ట్రుమెంటల్, ఉత్త డ్రమ్ములతో సాగే బోనస్ బీట్స్ ఉంటాయి. ఏ కాపీలో ఏది ఉందో తెలియకుండా డబ్బు పెడితే, చెవిలో మోగుతున్న పాట ఒకటి, చేతికొచ్చిన పాట మరొకటి అవుతుంది. అందుకే ఈ పోలికలో కొలబద్ద ఒకటే: ముందు మిక్సు, తర్వాత కాపీ, ఆ తర్వాతే ధర.

ఈ సంగీతం 1980లలో న్యూయార్క్ నగరంలో, ముఖ్యంగా బ్రాంక్స్, స్పానిష్ హార్లెమ్ పేటల ప్యూర్టో రికన్ కుర్రకారు మధ్య పెరిగింది. 1982లో ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ 'ప్లానెట్ రాక్'తో ఊపందుకున్న, యంత్రాల డ్రమ్ములతో కట్టిన ఎలక్ట్రో దరువు మీద ప్రేమ, విరహం పాడే గొంతులు వచ్చి కూర్చున్నాయి. 1983లో ఎమర్జెన్సీ రికార్డ్స్ నుంచి షానన్ పాడిన 'లెట్ ద మ్యూజిక్ ప్లే' వచ్చాక ఆ కలయికకు ఒక రూపం స్థిరపడింది. మయామీలో ప్రిటీ టోనీ తయారీలో డెబీ డెబ్, ట్రినీర్ పాటలు వచ్చాయి. ఇదంతా క్లబ్బుల్లో డీజేల చేతుల మీదుగా నడిచిన సంగీతం. పాటను వాళ్లకోసమే 12 అంగుళాల సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాట మిక్సులే ఉన్న ప్లేటుగా కట్టారు, ఆల్బమ్ ఆ తర్వాతి సంగతి. చాలామంది గాయనీగాయకులకు ఆల్బమే లేదు. సేకరణ అంటే సింగిల్స్ సేకరణే కావడానికి కారణం అది.

12 అంగుళాల అమెరికన్ మొదటి ప్రెస్సింగ్

ఒక పాటకు ఒక్క కాపీయే ఉంచుకోవాలంటే మా ఓటు దీనికే, అంటే పాట విడుదలైనప్పుడు అమెరికాలో మొదట అచ్చుపోసిన కాపీకే. అపురూపమైన వస్తువు కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఈ సంగీతానికి ప్రాణం అడుగు డ్రమ్మూ (కిక్ డ్రమ్) బేసూ. వాటిని గట్టిగా చెక్కాలంటే గాడి అటూ ఇటూ ఎక్కువ ఊగాలి, గాడికీ గాడికీ మధ్య చోటు కావాలి. 12 అంగుళాల ప్లేటులో ఒక వైపు ఒక్క పాటే ఉంటే ఆ చోటు దొరుకుతుంది. అదే పాట ఆల్బమ్‌లో ఇంకో నాలుగైదింటితో ఇరుక్కుని కూర్చుంటే బేసు తగ్గించి, మొత్తం శబ్దం తగ్గించి చెక్కాల్సి వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా చిన్న స్పీకర్లలోనే తెలిసిపోతుంది.

దీనికీ ఒక బలహీనత ఉంది. బి-సైడ్‌లో (ప్లేటు రెండో వైపు) డబ్, ఇన్‌స్ట్రుమెంటల్, బోనస్ బీట్స్ మూడూ పెట్టినప్పుడు చివరిది లేబుల్ దగ్గర పడుతుంది. అక్కడ ప్లేటు ఒక చుట్టు తిరిగితే ముల్లు కింద పోయే దూరం తక్కువ, కాబట్టి పై స్వరాలు నలుగుతాయి. ఫ్రీస్టైల్ గొంతులు ఎక్కువగా సన్నని ఆడగొంతులు. 'స' అక్షరం దగ్గర బుసకొట్టినట్టు వినిపిస్తుంది. అది ప్లేటు పాడైన గుర్తే కానక్కర్లేదు. ముల్లు సరిగ్గా అమర్చలేదన్న గుర్తు కూడా కావచ్చు. ప్లేటును తిరిగి పంపేముందు కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకునే భాగం) అమరిక ఒకసారి చూసుకోవాలి.

మొదటి ప్రెస్సింగా కాదా అని తేల్చడానికి లేబుల్ రంగు చాలదు. చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య నున్నటి పట్టీ ఉంటుంది. ప్లేటును దీపం కింద వాల్చి దాన్ని చదవాలి. కేటలాగ్ నంబర్‌తో పాటు అక్కడ మాస్టరింగ్ చేసినవాళ్ల, అంటే శబ్దాన్ని సరిచేసి మూల ప్లేటు చెక్కినవాళ్ల గుర్తులుంటాయి. న్యూయార్క్‌లో హెర్బ్ పవర్స్ జూనియర్ చెక్కిన ప్లేట్ల మీద 'హెర్బీ జూనియర్' అన్న చేతిరాతా, పక్కన నవ్వుముఖమూ కనిపిస్తాయి. స్టెర్లింగ్, మాస్టర్‌డిస్క్ స్టూడియోల పేర్లు అచ్చు ముద్రల్లా ఉంటాయి. ఆ రోజుల నాట్య సింగిల్స్‌లో హెర్బీ చేతిరాత ఉన్న ప్లేటు దొరికితే శబ్దం విషయంలో మేము పెద్దగా అనుమానపడం.

అట్ట గురించి బెంగ వద్దు. అమెరికన్ 12 అంగుళాల సింగిల్స్ చాలావరకు బొమ్మ లేని అట్టలోనే వచ్చాయి. మధ్యలో గుండ్రటి కంత, అందులోంచి లేబుల్ కనిపిస్తుంది. టామీ బాయ్ వంటి కంపెనీలకు సొంత అచ్చు అట్టలుండేవి. బొమ్మ అట్ట లేదని ధర తగ్గించమని అడగడం అనవసరం, అసలు బొమ్మ అట్టే లేని పాటకు 'ఒరిజినల్ బొమ్మ అట్ట' అంటూ ఎక్కువ ఇవ్వడం అంతకంటే అనవసరం. అట్ట మూల కత్తిరించి ఉన్నా, రంపం గాటు ఉన్నా, చిన్న బెజ్జం ఉన్నా అది అమ్ముడుపోక చవగ్గా తోలేసిన సరుకని అర్థం. లోపల ప్లేటు ఒక్కసారైనా మోగకుండా ఉండే అవకాశం వీటిలోనే ఎక్కువ. వినడానికి కొనేవాళ్లకు ఇంతకంటే మంచి బేరం లేదు.

ప్రోమో కాపీ

రేడియోలకూ క్లబ్ డీజేలకూ ఉచితంగా పంచినవి. లేబుల్ తెల్లగా ఉండటం, 'అమ్మకానికి కాదు' అన్న ముద్ర ఉండటం గుర్తులు. రెండు సందర్భాల్లోనే దీనికి ఎక్కువ ఇవ్వండి: దుకాణానికి రాని మిక్సు అందులో ఉంటే, లేదా దుకాణం కాపీ దొరకనంత అరుదైతే. అదే మిక్సులు, అదే మాస్టరింగ్ ఉన్నప్పుడు ప్రోమో అన్న మాటకు అదనంగా ఇచ్చే డబ్బు ముద్రకే పోతుంది.

పైగా ప్రోమో అంటే డీజే చేతిలో నలిగిన కాపీ. పాట మొదలును పట్టుకోవడానికి డీజే ప్లేటును ముల్లు కింద ముందుకీ వెనక్కీ తిప్పుతాడు. బరువైన, గుండ్రటి మొన ఉన్న ముల్లుతో అలా వందసార్లు తిప్పితే మొదటి కొన్ని సెకన్ల గాడి అరిగి బరబరమంటుంది. ఫ్రీస్టైల్ పాట డ్రమ్ములతో మొదలై చాలాసేపు అలాగే సాగుతుంది కాబట్టి దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. మిగిలిన ఆరు నిమిషాలు శుభ్రంగా ఉండొచ్చు. అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న 'కండిషన్ ఎలా ఉంది' కాదు. 'రెండు వైపులా మొదటి ఇరవై సెకన్లు రికార్డు చేసి పంపుతారా' అని అడగాలి. లేబుల్ మీద మార్కర్‌తో రాసిన వేగం అంకెలు, స్టిక్కర్లు శబ్దానికి ఏమీ చేయవు, ధర మాత్రం తగ్గిస్తాయి. మాకు అవి ముద్దే.

7 అంగుళాల సింగిల్

చిన్న ప్లేటు చవక, పోస్టు ఖర్చు తక్కువ, దాచడం తేలిక. ఇందులో ఉండేది రేడియో ఎడిట్. ఆ ఎడిట్ వింటూ పెరిగినవాళ్లకు అదే అసలు పాట, అందులో తప్పేం లేదు. కొన్ని పాటల ఎడిట్ ఇంకెక్కడా దొరకదు. అలాంటప్పుడు కొని తీరాలి.

చిక్కు పదార్థంలో ఉంది. అమెరికాలో ఆ కాలపు 7 అంగుళాల ప్లేట్లలో చాలా వాటిని వినైల్‌తో కాక పాలీస్టైరీన్‌తో పోతపోశారు. అది పెళుసు. అరిగిన ముల్లు, బరువైన ముల్లు తగిలితే పైస్వరాలు త్వరగా చెదిరిపోతాయి, గాడిలో 'స్‌స్' అన్న హోరు మిగులుతుంది, ఎంత కడిగినా పోదు. గుర్తుపట్టడం తేలికే: గోటితో అంచు మీద తడితే వినైల్ మందంగా, స్టైరీన్ గలగలమని పలుకుతుంది, స్టైరీన్ ప్లేటుకు లేబుల్ పైన అతికించినట్టు గానీ నేరుగా అచ్చేసినట్టు గానీ ఉంటుంది. దీని మీద ఆల్కహాల్ కలిపిన ద్రవాలు వాడొద్దు. అమెరికన్ 7 అంగుళాల ప్లేటుకు మధ్య కంత ఒకటిన్నర అంగుళం. మన టర్న్‌టేబుల్ (ప్లేటు తిప్పే యంత్రం) మీద పెట్టాలంటే అడాప్టర్ బిళ్ల కావాలని ముందే గుర్తుంచుకోండి.

యూరప్ ప్రెస్సింగులు

షానన్ పాట బ్రిటన్‌లో క్లబ్ అనే లేబుల్ మీద వచ్చింది. ఇలా పెద్ద హిట్లకు బ్రిటన్, జర్మనీ, హాలండ్ కాపీలు దొరుకుతాయి. బొమ్మ అట్టలు ఎక్కువ, గరగర చప్పుడు తక్కువ, కొన్నిసార్లు అక్కడి రీమిక్సులూ అదనం. కానీ అమెరికాలో వచ్చిన డబ్ తీసేసి వేరేది పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. మిక్సుల పేర్లు, నిమిషాలు రెంటికీ పోల్చి సరిపోతే యూరప్ కాపీ నిశ్చింతగా తీసుకోవచ్చు. చిన్న న్యూయార్క్ లేబుళ్ల పాటలకు చాలావాటికి ఈ దారే లేదు.

సీడీ సంకలనాలు, స్ట్రీమింగ్

పాటలు పరిచయం చేసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు, కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. ఒక సంకలనంతో పదిహేను పాటలు విని, వాటిలో వెంటాడిన మూడింటికి మాత్రమే 12 అంగుళాల కాపీ వెతుక్కోవచ్చు.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి. ఒకటి, సీడీలో చోటు కోసం మిక్సు కత్తిరించడం. రెండు, అసలు టేపు దొరక్క వినైల్ నుంచే ఎక్కించి, చప్పుడు తీసే యత్నంలో పైస్వరాలనూ తీసేయడం. హెడ్‌ఫోన్లో నిశ్శబ్దపు చోట్ల సన్నటి చిటపటలు, నీళ్లలోంచి వచ్చినట్టుండే సింబల్ తాళాల మోత వినిపిస్తే అదే. మూడోది అన్నింటికంటే బాధపెట్టేది: అదే గాయని ఏళ్ల తర్వాత మళ్లీ పాడిన కొత్త రికార్డింగు. పేరు అదే, గొంతు అదే, తాళం మాత్రం కంప్యూటర్‌లో కొత్తగా కట్టింది. ఆ రోజుల రోలాండ్ టీఆర్-808 డ్రమ్ము యంత్రపు అడుగు డ్రమ్ము, చప్పట్ల శబ్దం తెలిసిన చెవికి పది సెకన్లలో దొరికిపోతుంది. తెలియకపోతే నిడివి, ప్రచురణ సంవత్సరం, హక్కుదారు పేరు పాత సింగిల్‌తో పోల్చి చూడాలి.

ఎక్స్‌పోజే బృందపు 'పాయింట్ ఆఫ్ నో రిటర్న్' ఈ చిక్కులన్నిటికీ ఒకే చోట ఉదాహరణ. మయామీలో లూయిస్ మార్టినే తయారుచేసిన ఈ పాట 1980ల మధ్యలో మొదట పాంటేరా అనే చిన్న లేబుల్ మీద 12 అంగుళాల సింగిల్‌గా వచ్చి, తర్వాత అరిస్టా కంపెనీకి చేరింది. అప్పుడు పాడింది ఆలే లోరెంజో. ఆ తర్వాత బృందంలో ముగ్గురూ మారిపోయారు. 1987లో జెనెట్ జురాడో గొంతుతో పాటను మళ్లీ రికార్డు చేశారు, రేడియోలో పెద్ద హిట్ అయింది ఇదే. 'ఎక్స్‌పోజర్' ఆల్బమ్ మొదటి కాపీల్లో పాత గొంతు ఉంది, తర్వాతి కాపీల్లో కొత్త గొంతు ఉంది. అట్ట చూస్తే తేడా కనిపెట్టలేం. క్లబ్బు రోజుల పాట కావాలంటే పాంటేరా లేదా తొలి అరిస్టా 12 అంగుళాల కాపీ వెతకాలి. టాప్ 10 చేరిన పాట కావాలంటే 1987 సింగిల్ ఎక్కడైనా చవగ్గా దొరుకుతుంది. రెండూ మంచి పాటలే. ఒకటనుకుని ఇంకొకటి కొనడమే బాధ.

దొంగ ప్రెస్సింగులు, కొత్త రీఇష్యూలు

హక్కులు కొనుక్కుని అసలు టేపు నుంచి చెక్కిన రీఇష్యూ అయితే డీజేలకు అదే సరైన ఎంపిక. పాత కాపీ ఇంట్లో ఉంచి, పదిమందిలో దాన్ని వాయించొచ్చు. దొంగ కాపీ అలా కాదు. ఇంకో ప్లేటు నుంచే ఎక్కించినది కాబట్టి ఆ ప్లేటు చిటపటలూ ఇందులోకి వస్తాయి. నున్నటి పట్టీ మీద మాస్టరింగ్ గుర్తు లేకపోవడం, లేబుల్ అక్షరాల అంచులు పొగమంచులా మసకగా ఉండటం, ఒకే ప్లేటు మీద వేర్వేరు కంపెనీల పాటలు ఉండటం దీని ఆనవాళ్లు. ప్లేటు కొత్తగా మెరుస్తూ ఉండి, ముల్లు పెట్టగానే పాత గీతల చప్పుడు వస్తే ఇక పరీక్ష అక్కర్లేదు.

గ్రేడు మాట నమ్మాలా?

రికార్డులు జాబితా చేసి అమ్మే డిస్కాగ్స్ వంటి వెబ్‌సైట్లలో అమ్మకందార్లు గోల్డ్‌మైన్ పత్రిక పద్ధతిలో గ్రేడు ఇస్తారు: మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, గుడ్. పేరు 'గుడ్' అయినా అది మంచి కాపీ కాదు, బాగా అరిగిన కాపీ. వినడానికైనా డిజిటల్ చేయడానికైనా వీజీ ప్లస్ కింద దిగొద్దు. ఒక్క మినహాయింపు: డబ్ మిక్సు ఇంకెక్కడా లేనప్పుడు వీజీ కాపీనైనా తీసుకుని, మెరుగైనది దొరికాక మార్చుకోవచ్చు.

గ్రేడు కంటితో ఇచ్చిందా, వాయించి ఇచ్చిందా అన్నది అన్నింటికంటే ముఖ్యం. తయారీలోనే వచ్చిన లోపాలు కంటికి కనబడవు. వేడి ప్లాస్టిక్ గాడి అంతా నిండకపోతే ఒక స్పీకరులో గుడ్డ చించినట్టు శబ్దం వస్తుంది. కంత ఒక పక్కకు జరిగి ఉంటే సాగదీసిన సింథ్ స్వరాలు ఊగుతాయి. ఈ రెండింటికీ మందు లేదు.

టిక్కుమనే శబ్దం గీత వల్లనా, పాటలోదేనా అన్నది ఫ్రీస్టైల్‌లో నిజమైన ప్రశ్న. టోనీ మొరాన్, ఆల్బర్ట్ కాబ్రెరా కలిసి లాటిన్ రాస్కల్స్ పేరుతో చేసిన ఎడిట్లు వినండి. టేపును బ్లేడుతో చిన్న చిన్న ముక్కలుగా కోసి, మళ్లీ అతికించి, ఒక అక్షరాన్ని మెషిన్‌గన్‌లా మోగించేవారు. కొత్త చెవికి అది ముల్లు ఎగిరినట్టే ఉంటుంది. గడియారం తీర్పు చెబుతుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు, 45లో 1.33 సెకన్లు; గీత చప్పుడు సరిగ్గా ఆ వ్యవధికే మళ్లీ వస్తుంది. ఎడిట్ మాత్రం తాళంలో పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో నాలుగు దెబ్బల చుట్టులో పదహారో వంతు అంటే 0.125 సెకను. ఆ మెట్టు మీద వస్తుంటే ఆనందించండి, అది వాళ్ల పనితనం.

అమెరికా నుంచి ఇంటికి తేవడం

హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి ఒక్కో ప్లేటు తెప్పించుకుంటే తరచూ పోస్టు ఖర్చు ప్లేటు ధరను మించిపోతుంది, దాని మీద కస్టమ్స్ కూడా పడొచ్చు. ఒకే అమ్మకందారు దగ్గర ఎనిమిది పది పోగేసి ఒకే పార్సెల్‌గా తెప్పించడం మేలు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో అయినవాళ్లుంటే ఇంకా మంచి దారి ఉంది: అమెరికా లోపల రికార్డులను మీడియా మెయిల్ అనే తక్కువ పోస్టల్ రేటుకు పంపొచ్చు. ఆ చిరునామాకు తెప్పించి, వచ్చేవాళ్లతో తెప్పించుకోండి. ప్లేటు, అట్ట కలిపి సుమారు 200 గ్రాములు. ఇరవై అంటే నాలుగు కిలోలు. అట్ట వెడల్పు 31 సెంటీమీటర్ల పైమాటే కాబట్టి క్యాబిన్ సంచిలో పడుతుంది. చెకిన్ పెట్టెలో వేయొద్దు, మీద బరువు పడి ప్లేట్లు వంగుతాయి.

ప్యాక్ చేసేవాళ్లకు ఒక మాట చెప్పండి: ప్లేటును అట్టలోంచి తీసి, లోకవరుతో సహా అట్ట వెనకాల పెట్టి, అటూ ఇటూ గట్టి కార్డుబోర్డు వేయాలి. అలా కాకపోతే దారిలో ప్లేటు అంచు కత్తిలా అట్ట కుట్టును చీల్చుకుని బయటికొస్తుంది.

ఇంటికొచ్చాక కడగండి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. అందులోని లవణం గాడిలో గడ్డకట్టి కొత్త చప్పుడు తెస్తుంది. బ్యాటరీలో పోసే డీమినరలైజ్డ్ నీళ్లు లీటరుకు రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా రుద్ది, ఉత్త డీమినరలైజ్డ్ నీళ్లతో రెండుసార్లు కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలి. లేబుల్ తడవకూడదు. కోస్తా ఊళ్లలో తేమకు అట్టలకు బూజు పడుతుంది, కాబట్టి గోడకు ఆనించి పెట్టొద్దు. మెత్తటి పీవీసీ పైకవర్లు వద్దు, ఏళ్లు గడిచాక వాటి పొర ప్లేటు మీద మసకగా దిగుతుంది; పాలిథీన్ వాడండి. ఎండాకాలం మూసిన కారులో పది నిమిషాలు కూడా వదలొద్దు.

ఏ టర్న్‌టేబుల్‌తో డిజిటల్ చేయాలి

సూట్‌కేసు ఆకారపు చవక యంత్రాల్లో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఐదారు గ్రాముల బరువుతో గాడి మీద కూర్చుంటుంది. ఎలిప్టికల్ (కోల మొన) ముల్లున్న మామూలు కార్ట్రిడ్జ్‌కు కావాల్సింది దాదాపు 2 గ్రాములే. ఆర్టోఫాన్ 2ఎమ్ రెడ్‌కు 1.8, ఆడియో-టెక్నికా వీఎమ్95ఈకి 2. గట్టిగా చెక్కిన ఫ్రీస్టైల్ బేసుకు చవక యంత్రపు ముల్లు ఎగిరిపోతుంది కూడా. అరుదైన ప్లేటును దాని మీద ఒక్కసారి కూడా పెట్టొద్దు. యూఎస్‌బీ ఉన్న డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పే) యంత్రం చాలామందికి సరిపోతుంది. ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే విడి ఫోనో ప్రీయాంప్, దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించే ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటే శబ్దం ఇంకొంత విప్పారుతుంది. కానీ ముందు డబ్బు కార్ట్రిడ్జ్ మీద పెట్టండి, తేడా అక్కడే ఎక్కువ.

అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120 చేస్తుంది, అంతే. 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే పాత సింక్రనస్ మోటారు మన దగ్గర ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, 33⅓ కాస్తా దాదాపు 27.8 అవుతుంది. షానన్ గొంతు మగగొంతులా వినిపిస్తే కారణం ఇదే. వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికంతో నిలకడగా ఉంచే (క్వార్ట్జ్ లాక్) డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలకు ఈ బెడద లేదు. అలాగే కొన్ని 12 అంగుళాల లేబుళ్ల మీద వేగం అచ్చువేయలేదు. గొంతు సహజంగా ఉందా, లేబుల్ మీద రాసిన నిడివికి పాట సరిపోతోందా అని రెండూ చూసుకుని 33⅓ లేదా 45 తేల్చండి.

రికార్డింగు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో చేసి ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రూపం) దాస్తే చాలు. ఏడు నిమిషాల పాట కుదించని వేవ్ రూపంలో సుమారు 240 మెగాబైట్లు, ఫ్లాక్‌లో బాగా తగ్గుతుంది. మొత్తం పాటలో అతి గట్టి చోటు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా మీటర్ పెట్టండి. ఫ్రీస్టైల్‌లో ఆ చోటు సాధారణంగా మొదట్లో కాదు, మధ్యలో డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడే చోట ఉంటుంది, కాబట్టి అక్కడ ముందే ముల్లు పెట్టి చూడాలి. చిటపటలు తీసే ఆటోమేటిక్ బొత్తం నొక్కకండి. చప్పట్లు, కౌబెల్, గేటెడ్ రివర్బ్‌తో (మధ్యలో కోసేసిన ప్రతిధ్వని) టక్కున తెగే స్నేర్ డ్రమ్ము, వీటన్నిటినీ ఆ సాఫ్ట్‌వేర్ గీతలనుకుని కొరికేస్తుంది. పెద్ద టిక్కులను ఒక్కొక్కటిగా చేత్తో తీయండి, చిన్నవి వదిలేయండి. సవరించని ఫైలును విడిగా దాచండి. సవరణ మళ్లీ చేసుకోవచ్చు, ప్లేటు మళ్లీ అంత బాగా మోగకపోవచ్చు.

పంచుకోవడంలో ఏ దారి

ఈ పాటలన్నీ హక్కుల కిందే ఉన్నాయి. భారత చట్టంలో సౌండ్ రికార్డింగుకు ప్రచురణ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ. 1983 పాటకు 2043 చివరిదాకా. అమెరికాలో అంతకంటే ఎక్కువే. లేబుల్ మూతపడినా హక్కులు ఇంకొకరి చేతికి వెళ్తాయి. టామీ బాయ్ పాటల హక్కులు 2021లో రిజర్వాయర్ అనే సంస్థకు చేరినట్టు. కాబట్టి ఫైళ్లను డ్రైవ్ లింకుల్లో, టెలిగ్రామ్ గుంపుల్లో పెట్టడం మేము చెప్పే దారి కాదు. దానివల్ల సేకరణకూ మేలు జరగదు: పేరు తప్పు, మిక్సు తప్పు ఉన్న ఎంపీ3లు చేతులు మారి, చివరికి ఏది అసలో ఎవరికీ తెలియకుండా పోతుంది.

మిగిలిన దారుల్లో మాకు అన్నింటికంటే నచ్చేది ప్లేటునే ఇచ్చిపుచ్చుకోవడం. రెండు కాపీలున్నప్పుడు ఒకటి ఇంకొకరి దగ్గరికి చేరితే ఆ పాట ఇంకో ఇంట్లో బతుకుతుంది. రెండోది, ఇంట్లో నలుగురు కూర్చుని వినడం. హాల్లోనో పబ్బులోనో పబ్లిక్‌గా వాయించాలంటే నిర్వాహకులకు లైసెన్సు ఉందో లేదో ముందే అడగాలి. దూరంగా ఉన్నవాళ్లకు వినిపించాలంటే పాటలు కలిపి చేసిన మిక్సును మిక్స్‌క్లౌడ్ వంటి, హక్కుదార్లకు చెల్లించే చోట పెట్టొచ్చు. యూట్యూబ్‌లో విడిపాట పెడితే ఆటోమేటిక్ గుర్తింపులో పట్టుబడి మూగబోవచ్చు, ఆదాయం హక్కుదారుకు పోవచ్చు.

హక్కుల పేచీ లేకుండా ఇవ్వగలిగింది, ఇప్పటికీ కొరతగా ఉన్నది ఒకటుంది: సమాచారం. లేబుల్ మీద రాసిన నిడివి చాలాసార్లు తప్పు. మీ కాపీలోని ప్రతి మిక్సును స్టాప్‌వాచ్‌తో కొలిచి, నున్నటి పట్టీ మీది గుర్తులను అక్షరం వదలకుండా రాసి, నిర్మాత, ఎడిటర్ పేర్లు లేబుల్ మీద ఉన్నట్టే ఎక్కించి డిస్కాగ్స్ జాబితాలో చేర్చండి. ఫైలు పేరులోనూ అదే వరస పాటించండి: గాయని, పాట, మిక్సు, లేబుల్, కేటలాగ్ నంబర్, సైడు, సంవత్సరం. ట్రినీర్ పాటకు డబ్ ఎంతసేపుందో, ఏ వైపున ఉందో ఎవరైనా అడిగినప్పుడు ప్లేటు తీయకుండానే జవాబు చెప్పగలగాలి.